కాడి ఎవరి మెడ మీద?

పోయిన నెల చిత్తూరులో మా చిన్నమ్మ ఇంటికి పోయేసరికి ఉపవాస ప్రార్థన జరుగుతోంది. హాల్లో చాపల మీద పాతికమంది దాకా ఆడవాళ్ళు, ఇద్దరే మగవాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకరు వాక్యం చెప్పడానికి వచ్చిన పాస్టరుగారు, రెండోవాడు ఆయన్ని బండి మీద కూర్చోబెట్టుకొచ్చిన కుర్రాడు. ప్రార్థన మనవులు చెప్పుకోమన్నారు. ఒకామె భర్త తాగుడు గురించి చెప్పింది. ఇంకొకామె మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. మా చిన్నమ్మ లేచి, "మా పాపకు విశ్వాసి సంబంధం కుదిరేటట్టు ప్రార్థన చేయండయ్యా" అంది. పన్నెండేళ్ళుగా మా చిన్నమ్మ మనవి ఇదొక్కటే. ఆ పాపకిప్పుడు ముప్పై అయిదేళ్ళు. ప్రభుత్వ బడిలో టీచరు. అందరికీ టీ కాస్తూ వంటింట్లో ఉంది. నేను లోపలికి పోగానే గొంతు తగ్గించి, "అక్కా, ఈడ కూర్చునుండే వాళ్ళందరికీ కొడుకులుండారు. వాళ్ళు యాడుండారో ఒక్కరూ అడగరు" అంది.

కొడుకులు ఎక్కడున్నారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఆదివారం పొద్దున వాళ్ళు పడుకుని ఉంటారు, లేకపోతే క్రికెట్ ఆడుతుంటారు. చర్చిని నిలబెడుతున్నది ఆడవాళ్ళు. చాపలు పరిచేదీ, కానుక వేసేదీ, పాట ఎత్తేదీ వాళ్ళే. ఇలాంటి సంఘంలో విశ్వాసిని తప్ప చేసుకోకూడదని ఆడపిల్లకు చెప్పడమంటే, నువ్వు పెళ్ళి చేసుకోవద్దని చెప్పడమే. అసలు పెళ్ళే వద్దనుకునే స్వేచ్ఛ ఆడపిల్లకు ఉండాలని నేనూ అంటాను. కానీ మా చెల్లెలు వద్దనుకోలేదు. వచ్చిన నాలుగు సంబంధాలను ఇంట్లోవాళ్ళు ఒకే మాటతో తిప్పి పంపారు. ఆ మాట 'జోడు'.

పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో, ఆరో అధ్యాయంలో, నమ్మనివాళ్ళతో ఒక కాడి కిందకు పోవద్దనే అర్థంలో ఒక మాట ఉంది. మన ప్రాంతంలో క్రైస్తవుల ఇళ్ళల్లో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ అది కంఠతా వచ్చి ఉంటుంది. పెళ్ళీడు రాకముందే వస్తుంది. ఆ పేరా మొత్తం చదివితే అక్కడ పెళ్ళి ప్రస్తావనే లేదు. వెలుగూ చీకటీ, దేవుడి ఆలయమూ విగ్రహాలూ, వీటి మధ్య పొత్తు ఏమిటన్న ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. ఆ భాగం ఆ పత్రికలో మొదటినుంచీ ఉన్నదేనా, ఎవరైనా తర్వాత చేర్చిందా అని బైబిలు పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు కూడా. అదే పౌలు అదే సంఘానికి అంతకుముందు రాసిన మొదటి పత్రికలో, ఏడో అధ్యాయంలో, పెళ్ళి గురించి నేరుగా మాట్లాడాడు. నమ్మని భర్త కాపురానికి ఇష్టపడితే భార్య అతన్ని వదలక్కర్లేదన్నాడు. ఆమె మూలంగా అతను పరిశుద్ధుడవుతాడన్నాడు. అతను వెళ్ళిపోతానంటే వెళ్ళనిమ్మన్నాడు, ఆమె కట్టుబడి ఉండాల్సిన పనిలేదన్నాడు. అదే అధ్యాయం చివర, మళ్ళీ పెళ్ళి చేసుకునే విధవరాలు ప్రభువులో ఉన్నవాణ్ణి చేసుకోవాలనే షరతు పెట్టాడు. అది నేను దాచను. కానీ మా పాస్టర్లు ఆరో అధ్యాయం చెప్పినన్ని సార్లు ఏడో అధ్యాయం చెప్పగా నేను వినలేదు.

ఎందుకు చెప్పరో ఆలోచిస్తే నాకొకటి తట్టింది. ఏడో అధ్యాయంలో పౌలు లెక్క ప్రకారం అంటుకునేది పవిత్రత. నమ్మిన మనిషి నుంచి నమ్మని మనిషికి, తల్లి నుంచి బిడ్డలకు అది పాకుతుంది. మన ఊళ్ళల్లో వేల ఏళ్ళుగా అంటుకునేది మాత్రం మైల. ముట్టుకుంటే మైల, నీడ పడితే మైల, కూతురు బయటికి పోతే ఇల్లంతా మైల. మైల పడ్డవాళ్ళుగా ముద్రపడి, ఆ ముద్రను చెరుపుకోవడానికే క్రీస్తు దగ్గరికి వచ్చిన మా తాతముత్తాతల సంఘం ఇవాళ పౌలును మైల కళ్ళద్దాలతో చదువుతోంది. అవిశ్వాసి అనే మాటను అంటరానివాడు అనే మాట ఉన్న చోటనే పెట్టింది. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

మాది పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లె వైపు, మాల క్రైస్తవ కుటుంబం. 1853లో స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్, తర్వాత పదేళ్ళకు జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెకు రావడం, ఇవన్నీ మా ఇంట్లో పురాణాల్లాగా చెప్పుకునేవాళ్ళు. మా జేజి మిషన్ బోర్డింగులో అక్షరాలు నేర్చుకుని ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో పనిచేసింది. తెల్లచీర కట్టుకుని, కాళ్ళకు చెప్పులు వేసుకుని ఊరి వీధిలో నడిచిన మొదటి ఆడమనిషి తనేనని చనిపోయేదాకా చెప్పుకుంది. అందుకే జేజి "బయటోళ్ళకు పిల్లనియ్యొద్దు" అన్నప్పుడు నేను దాన్ని ఛాందసం అనుకోలేను. ఆమె భయం వేరు. మళ్ళీ ఎవరింట్లోనో వాకిట్లో నిలబడి నీళ్ళు పోయించుకునే రోజు మనవరాలికి రాకూడదని ఆమె భయం. సంఘం ఆమెకు నిలువెత్తు గోడ. ఆ గోడ లోపల ఆమె మొదటిసారి మనిషయింది. కూతురు పెళ్ళి పేరుతో గోడ దాటితే, దాటింది మతాన్ని కాదు, తను సంపాదించుకున్న మర్యాదనని ఆమెకు తెలుసు.

ఆ భయం ఉత్తిది కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికేశారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమె వైశ్యుల అమ్మాయి. చంపించినవాళ్ళకు అతను ఏ దేవుణ్ణి నమ్ముతాడన్నది సమస్యే కాదు. 2019 జూన్‌లో మా జిల్లాలోనే, పలమనేరు మండలంలో, దళితుణ్ణి చేసుకున్న ఒక అమ్మాయిని బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే చంపేశారు. కేసు ఆమె పుట్టింటివాళ్ళ మీదే. కాబట్టి జేజితో నాకు పేచీ లేదు. నా పేచీ జేజి భయాన్ని తీసుకుని దాన్ని నియమంగా మార్చి, ఆ నియమాన్ని ఆడపిల్లల మీద మాత్రమే అమలుచేస్తున్న సంఘ పెద్దలతో.

మాత్రమే అన్నాను. నా ఇంటి సంగతే చెప్తాను. ఏ సంఘమో, ఏ వీధిలో ఉందో చెప్పను. అలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

మా అన్న హిందువుల అమ్మాయిని ఇష్టపడ్డాడు. శనివారం పెళ్ళి. గురువారం పొద్దున ఆ అమ్మాయికి బాప్తిస్మం. పేరు మార్చారు, బొట్టు తీయించారు, ప్రార్థన చేసి అక్షతల బదులు పూలు చల్లారు. నువ్వు నమ్ముతున్నావా అని అడిగే చోట ఆమె "అవును" అంది. అంతకుముందు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత వొదిన నాతో, "నీళ్ళల్లో ముంచినప్పుడు నాకు పెళ్ళికి తలంటు పోసినట్టే అనిపించింది" అంది. తిరుచానూరు అమ్మవారి మీద పాటలు ఇప్పటికీ ఆమెకు నోటికి వచ్చు. ఎవరూ లేనప్పుడు గొణుక్కుంటుంది. పెళ్ళిలో మూడు లక్షల కట్నం, మోటారు సైకిలు తీసుకున్నారు. సంఘం మొత్తం వచ్చి దీవించింది. "ఒక ఆత్మను సంపాదించినావు నాయనా" అని పాస్టరుగారు అన్నను కౌగలించుకున్నారు. మా అన్న ఇప్పుడు సంఘ కమిటీలో సభ్యుడు.

నేను ఏడేళ్ళ కిందట, తిరుపతిలో పరిశోధన చేస్తూ పరిచయమైన ఒక లెక్కల మాస్టారిని పెళ్ళి చేసుకున్నాను. బీసీ కుటుంబంలో పుట్టినవాడు, దేవుడి ఊసు పెద్దగా లేని మనిషి. నన్ను చర్చికి పోవద్దనలేదు, తను రాననీ అనలేదు. క్రిస్మస్‌కు వచ్చి వెనక బెంచీలో కూర్చుని కేకు తిని పోతాడు. ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజుల నోటీసు బోర్డు మీద ఉంది. నాలుగో రోజుకల్లా దాని ఫొటో మా నాయన ఫోనుకు వచ్చింది. పాస్టరుగారు ఇంటికొచ్చి, అబ్బాయి బాప్తిస్మం తీసుకుంటే తానే పెళ్ళి చేస్తానన్నారు. నమ్మకం లేనివాడిని నీళ్ళల్లో ముంచితే తడుస్తాడే తప్ప ఏమవుతాడండీ అని నేను అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. ఆ నెల మొదటి ఆదివారం ప్రకటనల్లో నా పేరు చదివి, నన్ను బల్ల నుంచి నిలిపేసినట్టు చెప్పారు. మా నాయన రెండో వరసలో కూర్చుని ఉన్నాడు.

ఒకే ఇల్లు, ఒకే సంఘం, ఒకే వాక్యం. కొడుకు చేస్తే ఆత్మను సంపాదించడం, కూతురు చేస్తే ఆత్మను పోగొట్టుకోవడం. ఇందులో దైవశాస్త్రం ఏమైనా ఉందా అని నేను చాలా రోజులు వెతికాను. ఉన్నది ఒకటే. పెళ్ళయితే ఆడది మగవాడి ఇంటికి పోతుంది, అతని దేవుడి కిందకు పోతుంది, పిల్లలు అతని ఇంటిపేరుతో పుడతారు. ఇది పౌలు చెప్పింది కాదు, మనువు చెప్పిన లెక్క. కోడలు మెత్తటి మన్ను, ఏ మూసలో పోస్తే ఆ మూస. అల్లుడు రాయి. మన్ను ఇంట్లోకి వస్తే లాభం, పోతే నష్టం. ఈ లెక్క సంఘం వేసినా, సంఘాన్ని తిట్టే హిందూ సంస్థలు వేసినా ఒకటే. అమ్మాయి తిరిగి మన మతంలోకి వచ్చిందని వీళ్ళు పండగ చేసుకుంటారు, మన మతంలోకి వచ్చిందని వాళ్ళు సాక్ష్యం చెప్పిస్తారు. రెండు చోట్లా మైకు ముందు నిలబడి తలొంచుకున్నది ఒక కొత్త పెళ్ళికూతురు.

ఇక కులం. అవిశ్వాసితో జోడు వద్దనే సంఘం, విశ్వాసితో జోడు కట్టడానికి ఎన్ని అడ్డాలు పెడుతుందో చూడండి. మాల క్రైస్తవుల అబ్బాయికీ మాదిగ క్రైస్తవుల అమ్మాయికీ పెళ్ళంటే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్ళయినా, ఎన్ని ఇళ్ళల్లో ఒప్పుకుంటారు? రెడ్డి క్రైస్తవుల ఇంటి పిల్లను హిందూ రెడ్లకిస్తే ఏ పాస్టరుకూ జోడు వాక్యం గుర్తుకు రాదు. పెద్ద కార్లు వస్తాయి, భోజనాలు బ్రహ్మాండంగా ఉంటాయి, పెళ్ళికి ఇద్దరు బిషపులు కూడా రావచ్చు. మేనమామకు పదిహేడేళ్ళ పిల్లనిచ్చి చేసినా అభ్యంతరం ఉండదు. కట్నం అభ్యంతరం కాదు. కొట్టే భర్త అభ్యంతరం కాదు. విశ్వాసం అనే మాట కింద దాక్కున్నది ఏమిటో ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను.

పైగా విశ్వాసి ఎవరో తేల్చేదెవరు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుల్లోకి పోయిన దళితులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్ళను బీసీ-సీలో ఒక శాతం కింద కూర్చోబెట్టారు. దానితో మా వాళ్ళల్లో సగం మంది ఆదివారం క్రైస్తవులు, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందువులు. వాళ్ళను నేను తప్పుపట్టను. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో టీ గ్లాసు మారదు, కానీ సర్టిఫికెట్టు మారిపోతుందనే చట్టానిది తప్పు. 2025లో మన హైకోర్టు కూడా, మతం మారి పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది. ఈ పరిస్థితిలో సంబంధాలు మాట్లాడేటప్పుడు మొదట అడిగేది బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారని కాదు, సర్టిఫికెట్టు ఏదని. ఉద్యోగం కోసం కాగితం మీద హిందువుగా ఉన్న మగవాణ్ణి సంఘం విశ్వాసిగానే లెక్కపెడుతుంది. దాని వెనక ఉన్న ఇబ్బందిని అర్థం చేసుకుంటుంది. మంచిదే. అదే అర్థం చేసుకునే మనసు, కాగితం మీదా గుండెలోనూ క్రైస్తవురాలిగానే ఉంటూ ఒక మామూలు మనిషితో బతకాలనుకున్న ఆడపిల్ల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతుంది?

క్యాథలిక్కుల పద్ధతి కొంచెం వేరు, అది కూడా చెప్పాలి. కడప మేత్రాసనం కిందే మన చిత్తూరు వైపు విచారణలన్నీ ఉన్నాయి. 1983 నాటి వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం బాప్తిస్మం లేని వ్యక్తితో పెళ్ళి ఒక ఆటంకమే కానీ, బిషపు మినహాయింపు ఇవ్వవచ్చు. క్యాథలిక్కయిన వ్యక్తి మాత్రం తన విశ్వాసాన్ని కాపాడుకుంటాననీ, పిల్లలకు బాప్తిస్మం ఇప్పించడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తాననీ మాట ఇవ్వాలి. ఆడామగా తేడా లేకుండా రాసిన నియమమే. కానీ అత్తగారింట్లో పిల్లకు పేరు పెట్టే హక్కు కూడా లేని కోడలు ఆ మాట ఎట్లా నిలబెట్టుకుంటుందో ఆ శాస్త్రం చెప్పలేదు. నిలబెట్టుకోలేకపోతే పాపం ఎవరి ఖాతాలో పడుతుందో మనకు తెలుసు.

అవతలి గట్టు గురించి రాయకపోతే నేను అబద్ధమాడినట్టే. మా అత్తకు నేను క్రైస్తవురాలిననేది అడ్డం కాదు. ఆ మాట వెనక ఉండే మాట అడ్డం. మొదటి ఏడాది వాళ్ళింట్లో నాకు స్టీలు గ్లాసు వేరే ఉండేది. "బొట్టు ఒక్కటి పెట్టుకో మే, చాలు" అనేది. బొట్టు పెట్టుకుంటే మా వాళ్ళకు దూరం, పెట్టుకోకపోతే వాళ్ళకు దూరం. ఒక వేలెడంత జాగా కోసం రెండు మతాలు నా నుదుటి మీద కొట్టుకున్నాయి. తిరుపతిలో కాపురం కాబట్టి కొండ మాట రాక తప్పదు. కొత్త దంపతులను కొండకు తీసుకుపోవాలన్నారు. అన్యమతస్తులు స్వామి మీద విశ్వాసముందని డిక్లరేషన్ రాసివ్వాలి. ఆ కాగితం మగవాళ్ళకూ ఉంది, ఆడవాళ్ళకు ప్రత్యేకం కాదు. కానీ పెళ్ళివల్ల దాని ముందుకొచ్చి నిలబడేది ఎక్కువగా ఎవరు? 2025 ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ భార్య అన్నా కొణిదెల అక్కడ సంతకం చేసి తలనీలాలిచ్చినప్పుడు, ఆదర్శ భారత నారి అన్నవాళ్ళు నా కాలేజీలో ఉన్నారు, పడిపోయింది పాపం అన్నవాళ్ళు మా సంఘంలో ఉన్నారు. ప్రమాదం నుంచి బయటపడ్డ కొడుకు గురించి ఒక తల్లి తనకు తోచిన చోట మొక్కు తీర్చుకుంది, అది ఆమె ఇష్టం అన్నవాళ్ళు నాకు రెండు వైపులా కనపడలేదు. నేను సంతకం చేయలేదు. నమ్మకుండా బాప్తిస్మం తీసుకోవద్దని ఆయనకు చెప్పిన నేను, నమ్మకుండా అక్కడ సంతకం ఎట్లా పెడతాను? వాళ్ళు కొండెక్కినప్పుడు నేను కింద, అలిపిరి దగ్గర చెట్టు నీడలో కూర్చుని పుస్తకం చదువుకున్నాను. ఇప్పుడు మా అత్త దిగివచ్చి లడ్డూ నా చేతిలోనే పెడుతుంది, నేను తింటాను. కొరింథులో విగ్రహాలకు పెట్టిన తిండి తినొచ్చా లేదా అనే తగువుకు పౌలు మూడు అధ్యాయాలు పెట్టాడు. నాకు అంత సమయం పట్టలేదు.

చట్టం సంగతి కూడా మన ఆడపిల్లలకు తెలియాలి. ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా సరే, 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళి చేయొచ్చు. అంటే బాప్తిస్మం అడిగేది చట్టం కాదు, సంఘం. చాలామంది పిల్లలకిది తెలియదు. తెలియక గుళ్ళో తాళి కట్టుకుని, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటారు. మన విశాఖపట్నం నుంచి పోయిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. క్రైస్తవుడైన మగవాడికీ హిందూ స్త్రీకీ ఆ చట్టం కింద పెళ్ళి చెల్లదు, ఆ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి. ఆ కేసులో పెళ్ళి రద్దు కోరింది భార్యే. కానీ అదే తీర్పు, గుళ్ళో తాళి కట్టించుకుని పదేళ్ళు కాపురం చేసిన ఒక క్రైస్తవ అమ్మాయిని భర్త వదిలించుకోవాలనుకున్న రోజున ఎవరి చేతిలో కత్తి అవుతుందో ఊహించుకోండి. సంఘం ఎటూ ఆమెను వెలివేసి ఉంటుంది. చట్టం దృష్టిలో ఆమె భార్యే కాదు. ఇంక ఆ అమ్మాయి పోవాల్సింది ఎక్కడికి?

విశ్వాసి భర్తలను చేసుకున్నవాళ్ళ గతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1869 నాటి విడాకుల చట్టం 2001లో సవరించేదాకా, క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఇంకోటి కూడా నిరూపిస్తే తప్ప వచ్చేవి కావు. నూట ముప్పై ఏళ్ళ పాటు ఆ చట్టం ఉంది. అది సమానమైన జోడు కాదని ఎంతమంది పెద్దలు వేదిక మీద నుంచి చెప్పారు?

కాడి అన్నది రైతుల మాట. మా అబ్బ మూడెకరాల మెట్ట దున్నేవాడు. ద్వితీయోపదేశకాండంలో ఎద్దునూ గాడిదనూ కలిపి దున్నొద్దనే నియమం ఉంది. అబ్బ అది చదివి నవ్వేవాడు, గాడిదతో దున్నే పిచ్చోడు యాడుంటాడని. కానీ రెండు ఎద్దులూ ఒకే బలంతో ఎప్పుడూ ఉండవు. బలం తక్కువ ఎద్దు మీద భారం తగ్గేటట్టు కాడిలో కట్టు జరిపేవాడు. జత అంటే పుట్టుకతో సమానంగా ఉన్నవి దొరకడం కాదు, భారం చూసుకుని కట్టు జరుపుకోవడమని ఆయనకు తెలుసు. ఏ కాడిలోనైనా సరే, విశ్వాసిదైనా అవిశ్వాసిదైనా, భారం ఎటు పడుతోందో చూడండని నేనడిగేది. పేతురు పేరు మీదున్న పత్రికలో నమ్మని భర్తను భార్య మాట లేకుండా, తన నడవడితోనే గెలవాలనే అర్థంలో ఒక బోధ ఉంది. మా సంఘంలో దాన్ని తాగి కొట్టే భర్తలున్న ఆడవాళ్ళకు మందుచీటీలా రాసిస్తారు. మోచేతి మీద కమిలిన మచ్చతో మొదటి వరసలో కూర్చునే ఒక అత్త ముప్పై ఏళ్ళుగా ఆయన్ని మాట లేకుండా గెలుస్తూనే ఉంది.

బైబిల్లో వేరే కథలు లేవా? ఎజ్రా గ్రంథం చివర అన్యస్త్రీలను పెళ్ళాడినవాళ్ళ పట్టీ ఉంది, వాళ్ళను పంపించేయాలని తీర్మానించాక రాసిన పట్టీ. ఆ మగవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా ఉన్నాయి. పంపించేయాల్సిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు, వాళ్ళల్లో కొందరికి పిల్లలున్నారని మాత్రం ఉంది. మోషే కూషు దేశపు స్త్రీని చేసుకున్నాడని నిలదీసింది మిర్యాము, అహరోను ఇద్దరూ. కుష్ఠు పట్టి ఏడు రోజులు పాళెం బయట ఉన్నది మిర్యాము ఒక్కతే. నమ్మని గ్రీకువాణ్ణి చేసుకున్న యూదురాలు యునీకే కొడుకే తిమోతి, పౌలుకు అంత ఇష్టమైన శిష్యుడు. మోయాబు నుంచి వచ్చిన రూతు యేసు వంశావళిలోనే ఉంది. ఈ కథలను మా ఆదివారపు బడిలో చెప్తారు, బొమ్మలు కూడా వేయిస్తారు. వాటి అర్థం మాత్రం చెప్పరు.

మన సాహిత్యంలో పనిచేసేవాళ్ళకు మాత్రం ఒక ఇల్లు గుర్తుండాలి. జాషువా కూతురు హేమలత 1960లో గోరా కొడుకు లవణంను చేసుకున్నారు. క్రైస్తవ కవి కూతురు, దేవుడే లేడన్న మనిషి కొడుకు. ఒక వైపు వెలివాడ పుట్టుక, ఇంకోవైపు బ్రాహ్మణ పుట్టుక. అవిశ్వాసి అంటే ఇంతకంటే పక్కా అవిశ్వాసి ఎక్కడ దొరుకుతాడు? ఆమె తర్వాత స్టువర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడ్డ కుటుంబాల మధ్య, జోగినుల మధ్య చేసిన పని మీకు చెప్పక్కర్లేదు. 2008లో చనిపోయారు. ఆ పెళ్ళి గురించి మన పరిశోధనల్లో 'ఆదర్శ వివాహం' అని ఒక్క వాక్యం రాసి దాటిపోతాం. నా సిద్ధాంతగ్రంథంలో నేనూ అంతే రాశాను. క్రైస్తవ నేపథ్యం ఉన్న దళిత స్త్రీల రచనల మీద ఇన్ని సదస్సులు పెట్టుకున్నాం, కులం గురించి మాట్లాడాం, ఆకలి గురించి మాట్లాడాం. సంఘం లోపల పెళ్ళి పేరుతో జరిగే ఈ కాపలా గురించి మాట్లాడటానికి ఎందుకో మొహమాటపడ్డాం. బయట మైనారిటీ మీద దాడి జరుగుతుంటే లోపలి మురికి బయటపెట్టకూడదనే సంకోచం నాకూ ఉంది. ఈ వ్యాసం ఎవరి చేతికి ఆయుధమవుతుందోనని రెండేళ్ళు రాయకుండా ఆగాను. ఈ రెండేళ్ళలో మా చెల్లెలి మనవి మరో ఇరవై నాలుగు ఉపవాస ప్రార్థనల్లో చదివారు.

నేనింకా నమ్ముతాను. తెల్లవారుజామున లేచి మా జేజి పాడిన కీర్తనే పాడుకుంటాను, ఆయన పక్కగదిలో లెక్కలు దిద్దుకుంటూ వింటాడు. నన్ను నిలిపేసినప్పుడు మా నాయన ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ కూడా ఏమీ అనలేదు. పాతికేళ్ళుగా మా సంఘంలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లబట్ట ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది అమ్మే. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే బట్ట మడిచి ఇంటికి తెచ్చింది. ఉతికి ఆరేసింది. తర్వాతి నెల కమిటీవాళ్ళు కుర్రాణ్ణి పంపితే, బట్ట లేదని చెప్పమంది. వాళ్ళు కొత్తది కొనుక్కున్నారు. రొట్టె, ద్రాక్షారసం తన వరస దగ్గరకు వచ్చినప్పుడు అమ్మ ఏడేళ్ళుగా తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకమ్మా అని పాస్టరుగారు రెండు మూడు సార్లు అడిగారట, పాపమేమైనా ఉంటే ఒప్పుకోమని కూడా అన్నారట. "నా బిడ్డకు పెట్టని కూడు నాకొద్దయ్యా" అందట. ఆ బట్ట ఇప్పటికీ మా ఇంట్లో, బీరువాలో పైఅరలో, నాఫ్తలీన్ గోళీల మధ్య ఉంది.